తక్కువ ఖర్చుతో ఆరోగ్యకరమైన సరుకులు: కోనసీమలో మా ఇంటి పద్ధతి

నలుగురున్న ఇంటికి ఓట్సు, కినోవా, ఆలివ్ నూనె కొంటూ పోతే సరుకుల ఖర్చు భరించలేనంతగా పెరిగిందని, అమలాపురంలో ఉంటూ తక్కువ డబ్బుతో ఆరోగ్యంగా తినడం ఎలాగని మీరు అడిగారు. రాజోలు వైపున మాదీ నలుగురి కుటుంబమే కనుక, మేము పాటిస్తున్న పద్ధతినే చెబుతాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలో కేలరీలు అవసరమయ్యే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు సరిపోతాయి. నలుగురికి నెల లెక్క కడితే బియ్యం, పిండి కలిపి 30 కిలోలు, పప్పులు 10 కిలోలు, నూనె మూడున్నర లీటర్లు అవుతాయి. చేపలు, గుడ్లు తినేవారు పప్పును కొంత తగ్గించుకోవచ్చు. మీ కిరాణా చీటీని ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. నేను చూసిన చీటీల్లో బియ్యం, నూనె ఈ హద్దు దాటిపోతాయి, పప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి బిగుసుకుంటుంది. డబ్బును అటు నుంచి ఇటు మళ్ళించడమే మేము చేసిన ముఖ్యమైన మార్పు.

పప్పుల విషయంలో మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. దాళ్వా (రెండో పంట వరి) వేయని చేలల్లో, సార్వా (వానాకాలపు) వరి కోతకు ముందే మినుములు, పెసలు చల్లుతారు, ఆ పంట వేసవి మొదట్లో చేతికొస్తుంది. అప్పుడు తెలిసిన రైతు కల్లం దగ్గరే ఏడాదికి సరిపడా కొంటే, నెలనెలా ప్యాకెట్లు కొనడం కన్నా చవకగా పడుతుంది. కొనే ముందు ఒక గింజను పంటి కింద పెట్టి చూడాలి: టక్కున విరిగితే బాగా ఎండినట్టు, మెత్తగా నొక్కుకుపోతే తేమ ఉన్నట్టు. ఇంటికి తెచ్చాక రెండు మూడు ఎండలు పెట్టి, పూర్తిగా చల్లారిన తరువాతే ఎండు వేపాకు వేసి డబ్బా మూత బిగించాలి, ఎందుకంటే వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి గింజ పాడవుతుంది. వంద గ్రాముల పెసలలో 22 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఓట్సు మంచివే కానీ వాటిలో అంతకంటే తక్కువే ఉంటాయి కనుక, ఉదయం పూట పెసరట్టు తినే ఇంటికి ఓట్సు తప్పనిసరి అని నేను అనుకోను.

సంతలో చీకటి పడే వేళకు ధర తగ్గుతుంది గానీ, అప్పటికి ఆకుకూర వాడిపోతుంది. అందుకని తోటకూర, పొన్నగంటి, బచ్చలి వంటివి పొద్దుటే గంపలో తెచ్చేవారి దగ్గర కొని, సొర, దోస, కంద లాంటివి సాయంత్రపు బేరానికి వదిలేస్తాము. గోదావరికి వరద వచ్చి లంకలు మునిగిన వారాల్లో కూరగాయల ధరలు ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఆ రోజుల కోసం కంద, చేమ దుంపలు ముందే తెచ్చి పెట్టుకుంటాము, పెరట్లో మునగచెట్టు ఉంటే ఆకుకు లోటుండదు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే ఆ భోజనంలో నిమ్మకాయ పిండుకోవాలి.

పండ్ల విషయానికి వస్తే, రావులపాలెం అరటి ఇంత దగ్గరగా ఉండగా రోజూ యాపిల్ కొనవలసిన అవసరం లేదు.

పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత ఖర్చు తగ్గించుకోవాలనుకునే వారికి పనికిరాదు కనుక, చెరువు చేపల్లో శీలావతి, బొచ్చె కొనుక్కోండి. ఒక్కో గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, అంత చవకగా దొరికే మాంసాహారం మరొకటి నాకు కనిపించలేదు. ఎండు మెత్తళ్ళు కూడా మంచివే, అయితే ఉప్పు ఎక్కువ కనుక బాగా కడిగి, అప్పుడప్పుడు మాత్రమే వండుకోవాలి.

ఆలివ్ నూనె బదులు వేరుశనగ నూనె గానీ తవుడు నూనె గానీ వాడుకోవచ్చు. నెలకు సరిపడా నూనెను ఒకే క్యానులో పోసి, అది అయ్యేదాకా మరొకటి తేకుండా ఉంటే వేపుళ్ళు వాటంతటవే తగ్గుతాయి. తక్కువ పాలిష్ పట్టిన బియ్యం మిల్లులో అడిగితే ఇస్తారు. వాటి మీది తవుడు పొరలో నూనె ఉండడం వల్ల త్వరగా కంపు కొడతాయి కనుక, బస్తా మొత్తం కాకుండా రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.