సమాధానం: మోకాళ్ల నొప్పి ఉన్న నాన్నగారితో పోర్ట్స్‌మత్ సముద్రపు నడక

నాన్నగారికి మోకాళ్ల నొప్పి, చేతిలో ఒక్క పూటే ఉంది, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని రేవు పట్టణం పోర్ట్స్‌మత్‌లో సముద్రం వెంట ఎలా నడిపించాలి అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, దారి దాదాపు అంతా చదునే.

పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్లో దిగండి. 170 మీటర్ల ఎత్తున్న స్పిన్నకర్ టవర్ పక్కనే కనిపిస్తుంది. అక్కడి నుంచి నేల మీద పరిచిన రాళ్లలో గొలుసు గుర్తు ఉంటుంది, దాన్ని పట్టుకుని వెళ్తే చాలు. ఓల్డ్ పోర్ట్స్‌మత్‌లో రౌండ్ టవర్ మాత్రం మెట్లు ఎక్కాలి. ఆయన్ని కింద బెంచీ మీద కూర్చోబెట్టి మీరు ఎక్కిరండి. పెద్ద ఓడలు రేవు ముఖద్వారంలోంచి ఎంత దగ్గరగా వెళ్తాయో! ఒకప్పుడు శత్రువుల ఓడలు రాకుండా ఇక్కడి నుంచి అవతలి ఒడ్డుకు ఇనుప గొలుసు కట్టేవారు.

తర్వాత క్లారెన్స్ పియర్, ఒడ్డున ఉన్న వినోద కేంద్రం. పక్కనే ఎదురుగా ఉన్న వైట్ దీవికి వెళ్లే హోవర్‌క్రాఫ్ట్ (గాలి దిండు మీద తేలుతూ సాగే పడవ) నీళ్లలోంచి నేరుగా ఒడ్డెక్కుతుంది, నాన్నగారికి తప్పక చూపించండి.

చివర సౌత్‌సీ కోట, 1544లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కట్టించినది. మరుసటి ఏడాది ఆయన యుద్ధనౌక మేరీ రోజ్ ఎదురుగా ఉన్న ఈ నీళ్లలోనే మునిగింది. 1982లో పైకి తీశారు.

మొత్తం సుమారు మూడు కిలోమీటర్లు. తిరిగి నడవద్దు, టాక్సీ పిలవండి. ఎండ ఉన్నా గాలి చలిగా కొడుతుంది, నాన్నగారికి శాలువా మరవకండి.