బిడ్డ పడుకున్నా తల్లికి కునుకు పట్టడం లేదంటే ఆలస్యం చేయకండి

మీ చెల్లెలికి కాన్పై 19 రోజులైందని, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టడం లేదని, ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటోందని, పెద్దవాళ్లేమో దిష్టి తగిలిందంటున్నారని రాశారు. ఇదంతా నేను అనుభవించినదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నాకు తొలి కాన్పు ఆపరేషనైంది. రాజోలు దగ్గర మా పుట్టింట్లోనే ఉన్నాను. మా అమ్మ నా ఒంటిని చూసుకున్న తీరుకు వంక పెట్టలేను: కాయం, వెల్లుల్లి కారంతో మొదటి ముద్ద, సాంబ్రాణి పొగ, పాలు పడతాయని సొరచేప పిట్టు, ఏదీ తప్పలేదు. నీళ్లు మాత్రం, కుట్లు చీము పడతాయన్న భయంతో, గొంతు తడుపుకునేంతే ఇచ్చేది. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం పెరుగుతుందే తప్ప కుట్లు త్వరగా మానవు. మీ ఇంట్లోనూ ఈ పత్యం ఉంటే ఇవాళే మాన్పించండి.

ఇక మనసు సంగతి. ప్రసవమైన రెండు మూడు రోజులకు ఏడుపు, చిరాకు రావడం చాలామంది తల్లుల్లో ఉండేదే, అది రెండు వారాల్లోపు దానంతటదే తగ్గుతుంది. నాకు తగ్గలేదు. రాత్రంతా బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసేదాన్ని. ఆడుతోందని తెలిసి వెనక్కి వాలేదాన్ని, నూరు లెక్కపెట్టేలోపే మళ్లీ లేచేదాన్ని. 21వ రోజు బారసాలకు పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చున్నాను, ఫొటోలన్నింటిలోనూ నవ్వుతూనే ఉన్నాను. ఆ సాయంత్రమే, ఈ పిల్ల ఇంకెవరి కడుపునైనా పుట్టి ఉంటే సుఖపడేదనిపించింది. బంగారంలాంటి బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ మాటలేమిటంటారని ఎవరికీ చెప్పలేదు.

దాన్ని బయటపెట్టింది ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో కాన్పైతే వాళ్లు 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. 28వ రోజున వచ్చినావిడ బిడ్డను తూకం వేసి, మజ్జిగ కావాలని అమ్మను వంటింట్లోకి పంపి, "పాప పడుకున్నప్పుడైనా నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది. నాకు మాట రాలేదు, ఏడుపొచ్చింది. మీరూ చెల్లెల్ని పక్కన ఎవరూ లేనప్పుడే అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

నన్ను కాకినాడలో మానసిక వైద్యురాలికి చూపించారు. ఆవిడ ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించారు, ఎందుకంటే రక్తహీనత, థైరాయిడ్ తేడా కూడా ఇలాంటి నీరసాన్ని, దిగులునే తెస్తాయి. తర్వాత దిగులు తగ్గించే సెర్ట్రాలిన్ అనే మందు రాశారు. అది పాలలోకి చాలా తక్కువగా చేరుతుంది కనుక పాలు మాన్పించనక్కరలేదన్నారు. మూడో వారానికి గాని మార్పు తెలియలేదు, ఆ తర్వాత కూడా ఆవిడ చెప్పే వరకు మందు ఆపలేదు. మందుతో సమానంగా మేలు చేసింది ఇంకొకటుంది: మా వారు సెలవు పెట్టి వచ్చి, పిండి ఉంచిన పాలు రాత్రి ఒకసారి తానే పట్టి, నాకు వరుసగా ఐదు గంటల నిద్ర దక్కేలా చూశారు.

మీ చెల్లెలు లేని మాటలు వినపడుతున్నాయన్నా, బిడ్డ గురించి వింత అనుమానాలు పడుతున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, తల్లీబిడ్డల్ని ఒంటరిగా వదలకండి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చూపు మసకబారే తలనొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి చేయడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కరలేదు.

ఎల్లుండి బారసాల పెట్టుకుని ఉంటే, అది కానిచ్చి చూద్దామనుకోకండి. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరకు బయల్దేరండి, బిడ్డనూ వెంట తీసుకెళ్లండి, దారిలో పాలివ్వడానికి చాటుగా ఒక దుప్పటి, ఫ్లాస్కు నిండా వేన్నీళ్లు పెట్టుకోండి.