కుంటుతున్న ప్రాజెక్టును ఆడిట్ చేయమంటున్నారు, మా అమ్మాయి ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: నేను బంగారుపాళ్యం దగ్గర చిన్న కాంట్రాక్టర్‌ని. పంచాయతీ కాలువలు, సిమెంటు రోడ్లు, ప్రహరీ గోడలు చేస్తుంటాను. మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ చదివి, నాలుగేళ్లుగా చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తోంది. వాళ్ల కంపెనీలోనే ఆస్పత్రుల బిల్లింగ్ ప్రాజెక్టు ఒకటి ఎనిమిది నెలలు లేటయిందట. ఇద్దరు మేనేజర్లు మారారట. ఇప్పుడు ఒక సీనియర్‌తో కలిసి దాన్ని ఆడిట్ చేసి గాడిలో పెట్టమని మా అమ్మాయిని అడుగుతున్నారు. మా బావమరిది కూడా అదే ఫీల్డు. ‘మునిగే పడవ ఎక్కిస్తున్నారు, రిజైన్ చేసి ఇంకోటి చూసుకోమను’ అంటున్నాడు. బీటెక్ చదివి లెక్కలు చూసే పనేంటని నాకూ అనుమానమే. అమ్మాయి టెన్షన్‌తో సరిగా తినడం కూడా లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అన్నా, ముందు ఆ ‘ఆడిట్’ అనే మాట సంగతి తేల్చుకుందాం. మీ భయంలో సగం ఆ మాట వల్ల వచ్చిందే. ఆడిట్ అనగానే మనకు మార్చి నెల, వోచర్ల కట్టలు, ఆఫీసులో తిష్ట వేసిన ఆడిటర్లు, వాళ్లకు పూటపూటా టీలు గుర్తొస్తాయి. మీ అమ్మాయిని పిలుస్తున్నది దానికి కాదు. ఆమె చేయబోయే పని నాకంటే మీకే బాగా తెలుసు. మీరు కాలువ కట్టాక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వచ్చి టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు కొలిచి, కొలతలు రాసే ఎం-బుక్‌లో ఎక్కిస్తాడు కదా. ‘అయిపోయింది సార్, కొంచెమే ఉంది’ అని మీ మేస్త్రి ఎన్నిసార్లు చెప్పినా బిల్లు రాదు. టేపుకు అందిందే పని. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో చాలాసార్లు ఆ టేపు పట్టేవాళ్లే ఉండరు. నెలల తరబడి మేస్త్రి మాట మీదే నడుస్తుంది. చివరికి కస్టమరు గొడవపెట్టినప్పుడు టేపు పట్టే మనిషి కోసం వెతుకుతారు. ఇప్పుడు వెతికితే మీ అమ్మాయి దొరికింది.

ఇంకా దగ్గరి పోలిక కావాలంటే మీ ఊళ్లో ఉపాధి హామీ పనులకు జరిగే సామాజిక తనిఖీ గుర్తు చేసుకోండి. ఆ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు తనిఖీ అధికారం ఇచ్చింది. దాన్ని ఒక పద్ధతిగా ముందు నడిపిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తనిఖీకి వచ్చినవాళ్లు ఏం చేస్తారు? మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు తీసి చదువుతారు. చెరువు గట్టు మీదికి వెళ్లి చేసిన పని కొలుస్తారు. ఇల్లిల్లూ తిరిగి ‘ఎన్ని రోజులు పనికి పోయినావమ్మా, డబ్బులు ఎంత వచ్చినాయి’ అని అడుగుతారు. తర్వాత అందరి ముందూ చదివి వినిపిస్తారు. కాగితం, కొలత, మనిషి. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగవో అక్కడే అసలు విషయం ఉంటుంది. ఇబ్బందుల్లో ఉన్న ప్రాజెక్టును ఆడిట్ చేయడమన్నా ఇంతే. ఎం-బుక్ బదులు కంప్యూటరు ఉంటుంది.

అయితే మీ బావమరిది మాట పూర్తిగా తీసిపారేయను. కొన్ని కంపెనీల్లో ఆడిట్ పేరుతో జరిగేది బలిపశువును వెతికే కార్యక్రమం. ఎవరిని బలి ఇవ్వాలో ముందే పైన అనుకుని ఉంటారు, దానికి ఒక రిపోర్టు కావాలి, అంతే. మీ అమ్మాయికి ఏ రకం పని అప్పజెప్పారో తెలుసుకోవడానికి ఒక మెయిల్ చాలు. ఈ ఆడిట్ ఎవరు చేయిస్తున్నారు, ఎన్ని రోజులు ఇస్తారు, ఏ కాగితాలు చూడొచ్చు, ఎవరితో మాట్లాడొచ్చు, రిపోర్టు ఎవరి చేతికి వెళ్తుంది, ‘ఈ ప్రాజెక్టు ఆపేయడం మేలు’ అని రాసే స్వేచ్ఛ కూడా ఉందా? ఇవన్నీ మర్యాదగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి. వర్క్ ఆర్డర్ లేకుండా మీరు జేసీబీ దింపరు కదా, ఇదీ అలాంటిదే. జవాబు స్పష్టంగా వస్తే వెళ్లమనండి. ‘అవన్నీ తర్వాత చూద్దాం, ముందు జాయినవ్వు’ అని నీళ్లు నమిలితే మాత్రం మీ బావమరిది చెప్పిందే నిజం.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు ఇలాంటి ఆడిట్ ఒకటి చేశాను. ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం. పది రోజులు కాగితాలు తిరగేసి, తప్పులన్నీ ఒకే కుర్రాడి దగ్గర తేలుతున్నాయని పేరు పెట్టి మరీ రాశాను. నేనేదో పెద్ద నిజం కనిపెట్టానని గర్వం కూడా. రిపోర్టు వెళ్లిన పదిహేను రోజులకు అతను రాజీనామా చేశాడు. ఆ డేటాబేసు లోగుట్టు తెలిసింది అతనొక్కడికే అని అప్పుడు బయటపడింది. అన్ని తప్పులూ అతని దగ్గరే ఎందుకు తేలాయంటే, కష్టమైన పనంతా అతని నెత్తినే వేశారు. లేటయిన ప్రాజెక్టు నా ఆడిట్ తర్వాత ఇంకా లేటయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారే, నా పిడికెడు నేనూ వేశాను. అందుకే మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి, రిపోర్టులో మనుషుల పేర్లు వద్దు. ‘ఫలానా పని ఒక్కరికే తెలుసు, రెండో మనిషికి నేర్పలేదు’ అని రాస్తే దిద్దుకోవడానికి దారి కనిపిస్తుంది. ‘ఫలానావాడు సరిగా చేయలేదు’ అని రాస్తే కొట్లాటే మిగులుతుంది.

ఇక పని దగ్గరికి వద్దాం. ఆమె మొదట పట్టుకోవాల్సింది ‘తొంభై శాతం అయిపోయింది’ అనే మాటను. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ జబ్బు మీద చాలాకాలంగా జోకులు వేసుకుంటున్నారు. మొదటి తొంభై శాతం పనికి ఎంత కాలం పడుతుందో, మిగిలిన పది శాతానికీ అంతే పడుతుందట. ఇల్లు కట్టేవాళ్లకు ఇది కొత్త కాదు. గోడలు లేచి స్లాబు పడగానే ఇల్లు అయిపోయినట్టే కనిపిస్తుంది. కరెంటు పని, ప్లంబింగు, టైల్సు, తలుపులు మొదలయ్యాక తెలుస్తుంది అసలు కథ. కాబట్టి శాతాలు ఒప్పుకోవద్దని చెప్పండి. ప్రతి పనికీ రెండే గడులు పెట్టుకోవాలి. రాసి, పరీక్షించి, కస్టమరు సరే అన్నాడా, అయితే అయింది. వీటిలో ఏ ఒక్కటి కాకపోయినా అది సున్నా. సగం అయింది, ముప్పావు అయింది అనేవన్నీ కాకిలెక్కలు.

ఇక్కడే మీ అమ్మాయికున్న బలం చెప్పాలి. ఆమె నాలుగేళ్లుగా టెస్టరు. ప్రాజెక్టులో మిగతా అందరూ ‘అయింది’ అని నమ్మడానికి జీతం తీసుకుంటే, టెస్టరు నమ్మకుండా ఉండడానికి జీతం తీసుకుంటుంది. ఈ పనికి డెవలపర్‌ని కాకుండా ఆమెను అడిగారంటే పైనెవరో ఆలోచించే అడిగారని నాకనిపిస్తోంది.

తర్వాత డబ్బు, కాలం. దీనికి ‘ఎర్న్‌డ్ వాల్యూ’ అనే పద్ధతి ఉంది. పేరు చూసి కంగారు పడక్కర్లేదు, ఎనిమిదో తరగతి లెక్కే. ఉదాహరణకు ఒక పనికి కోటి రూపాయలు, పది నెలలు అనుకున్నారు. ఆరు నెలలు గడిచేసరికి 60 లక్షల పని కావాలి. నిజంగా కొలిస్తే 40 లక్షల విలువైన పనే అయింది. ఖర్చు మాత్రం 70 లక్షలు. 40ని 70తో భాగిస్తే 0.57. అంటే పెట్టిన ప్రతి రూపాయికీ 57 పైసల పనే వస్తోంది. ఇదే తీరున నడిస్తే కోటి రూపాయల పనికి కోటీ 75 లక్షలు అవుతుంది. 40ని 60తో భాగిస్తే 0.67, అంటే పది నెలల పని పదిహేను నెలలకు పాకుతుంది. రిపోర్టులో నలభై పేజీలు రాసినా పైవాళ్లు చదివేది ఈ నాలుగు లైన్లే. అవి మొదటి పేజీలోనే ఉండాలి.

మనుషులతో మాట్లాడేటప్పుడు మీటింగు పెట్టకుండా ఒక్కొక్కరినీ విడిగా కలవాలి. పదిమంది కూర్చున్న చోట మేనేజరు ముందు ఎవరూ నోరు విప్పరు. వీలైతే కిందినుంచి మొదలుపెట్టాలి. కస్టమరు ఫోన్లు ఎత్తే కుర్రాళ్లకు, కొత్తగా చేరిన పిల్లలకు తెలిసినంత పైవాళ్లకు తెలియదు. ‘తప్పెవరిది’ అని అడగకూడదు. ‘పోయిన నెల నువ్వు చేసిన పనిలో ఏది మళ్లీ చేయాల్సి వచ్చింది, ఎందుకు’ అని అడిగితే చాలు, ఒక టీ అయ్యేలోపు ప్రాజెక్టు జాతకం బయటపడుతుంది. ఆస్పత్రి వాళ్లు వారం వారం కొత్త కోరికలు కోరుతుంటే ఎవరూ కాదనలేదనో, డాక్టర్ల ఫీజు లెక్క ఎలా ఉండాలో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదనో తెలుస్తుంది. మొదటి ఒప్పందం కాగితాన్నీ ఇప్పుడు చేస్తున్న పనినీ పక్కపక్కన పెట్టి చూడమనండి. ఎక్స్‌ట్రా ఐటమ్ ఎస్టిమేటును ఎలా మింగేస్తుందో మీకు నేను చెప్పాలా!

రిపోర్టు ఇవ్వగానే ‘ఇంకో పదిమందిని వేద్దాం’ అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు ఆమె కాదనగలగాలి. ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ మాట చెప్పాడు, లేటయిన సాఫ్ట్‌వేర్ పనికి కొత్త మనుషుల్ని చేరిస్తే అది ఇంకా లేటవుతుందని. మట్టి తవ్వడానికైతే పదిమంది కూలీలు వచ్చిన గంటలోనే పని కదులుతుంది. ఇక్కడ కొత్తవాళ్లకు నేర్పడానికే పాతవాళ్ల టైము కరిగిపోతుంది.

మరి ఏం చేస్తే గట్టెక్కుతుంది? నిజంగా జరిగిన ఒక కథ ఆమెకు పనికొస్తుంది. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం పెట్టిన హెల్త్‌కేర్ డాట్ గవ్ సైటు 2013 అక్టోబరు 1న మొదలైంది. లక్షలమంది ఎగబడ్డారు. మొదటి రోజు చివరిదాకా వెళ్లి బీమా తీసుకోగలిగింది ఆరుగురు! దాన్ని నిలబెట్టడానికి బయటినుంచి ఒక చిన్న బృందం వచ్చింది. సైటు ఎక్కడ ఆగిపోతోందో ఒక్కచోట చూపించే తెర కూడా అక్కడ లేదు. వాళ్లు ముందు దాన్ని పెట్టారు. రోజూ నిలబడే చిన్న మీటింగులు పెట్టి, అక్కడ సమస్యలు తప్ప నిందలు మాట్లాడకూడదన్నారు. హోదా ఎక్కువున్నవాళ్లు కాకుండా విషయం తెలిసినవాళ్లు మాట్లాడాలన్నారు. వచ్చే ఒకటి రెండు రోజుల్లో దెబ్బ కొట్టే అతి ముఖ్యమైన సమస్యల మీదే దృష్టి పెట్టారు. 2014 ఏప్రిల్ నాటికి, రాష్ట్రాలు సొంతంగా నడిపిన సైట్లతో కలిపి, 80 లక్షల మంది బీమాకు నమోదయ్యారు. టెక్నాలజీ పని చాలానే చేశారు, కాదనను. నాకు మాత్రం ఆ మీటింగు నియమాలే ఎక్కువ గొప్పగా అనిపిస్తాయి.

ఆస్పత్రి ప్రాజెక్టులో దీన్ని ఇలా అనుకోవచ్చు. కొత్త కోరికలకు కొన్నాళ్లు తాళం. ఓపీ బిల్లింగు, మందుల బిల్లు లాంటి తప్పనిసరివి ఒక గట్టున, ‘ఉంటే బాగుంటుంది’ అనేవి ఇంకో గట్టున. పాత షెడ్యూలును పక్కన పెట్టి, రెండు వారాలకొకసారి చూపించదగ్గ ముక్క ఒకటి పూర్తయ్యేలా కొత్తది. రెండు మూడు ముక్కలు చెప్పిన రోజుకు అందితే కస్టమరు కోపం సగం దిగుతుంది.

ఇక కెరీర్ సంగతి. బీటెక్ చదివి లెక్కలు చూసే పనా అన్నారు. ప్రాజెక్టు ఎందుకు పడిపోతుందో దగ్గరుండి చూసినవాళ్లు తర్వాత ప్రాజెక్టు మేనేజ్‌మెంటు వైపు, క్వాలిటీ వైపు, సిస్టమ్స్ ఆడిట్ వైపు పోవచ్చు. ఇంటర్వ్యూలో ‘నేను నాలుగేళ్లు టెస్టింగు చేశాను’ అనడానికీ, ‘ఎనిమిది నెలలు లేటయిన పనిని కొలిచి, ఏది వదిలేయాలో చెప్పాను’ అనడానికీ చాలా తేడా ఉంటుంది. రిజైన్ చేసి ఇంకో కంపెనీకి పోతే మళ్లీ టెస్టింగే.

సర్టిఫికెట్ల విషయంలో తొందర వద్దు. ప్రాజెక్టు మేనేజర్లకు ఇచ్చే పీఎంపీ పరీక్ష రాయాలంటే నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు, శిక్షణ 35 గంటలు అడుగుతారు. మీ అమ్మాయి నాలుగేళ్ల టెస్టింగంతా ‘నడిపిన’ లెక్కలోకి రాకపోవచ్చు. అనుభవం సంగతి మేం చూసుకుంటామనే కోచింగు వాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గరికి పోవద్దు. ఇప్పటికిప్పుడు ఏదో ఒకటి కావాలనుకుంటే, పీఎంపీ ఇచ్చే సంస్థే కొత్తవాళ్ల కోసం పెట్టిన క్యాప్‌మ్‌కు 23 గంటల శిక్షణ చాలు. ఆడిట్ వైపే మనసు పోతే, కంప్యూటరు వ్యవస్థల ఆడిటర్లకు ఇచ్చే సీసా (CISA) అనే సర్టిఫికెట్ ఉంది. దానికి మామూలుగా ఐదేళ్ల అనుభవం కావాలి, పరీక్ష మాత్రం ముందే రాసుకోవచ్చు.

సరిగా తినడం లేదన్నారు, అది మాత్రం నన్ను కొంచెం ఆలోచింపజేసింది. ఆమెను కంగారు పెడుతున్నది పనా, దాని చుట్టూ ఇంట్లో నడుస్తున్న చర్చా? మీరు నాకు రాశారు, బావమరిది ఫోన్లో చెబుతున్నాడు, ఆమె ఏమంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. శనివారం ఇంటికొస్తే, భోజనాలయ్యాక మీ పాత ఎం-బుక్ కాపీ ఒకటి తీసి ముందు పెట్టండి. కొలతకూ మేస్త్రి మాటకూ తేడా వచ్చిన పని ఏదో ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడేం చేశారో చెప్పండి. ఆ తర్వాత నేను చెప్పిన మెయిల్ ఆమె చేతే రాయించండి. కంపెనీ నుంచి జవాబు వచ్చాక మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి.