మా అబ్బాయి సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చివరి సంవత్సరం. తాను గే అని ఈమధ్యే మాతో చెప్పాడు. క్యాంపస్‌లో ఓ ప్రైవేటు కంపెనీకి ఎంపికయ్యాడు. ఆఫీసులో తెలిస్తే తీసేస్తారా? చట్టం అడ్డుపడుతుందా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, బాబు ఈ మాట ఇంట్లో చెప్పుకోగలిగాడంటే సగం భారం దిగినట్టే. మిగతాది నింపాదిగా చూద్దాం.

ఉన్నదున్నట్టు చెబుతాను. గే ఉద్యోగిపై ప్రైవేటు కంపెనీ వివక్ష చూపకూడదని పేరుపెట్టి చెప్పే కేంద్ర చట్టం మనకు లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో, వయసొచ్చిన ఇద్దరు మగవాళ్లు గానీ ఇద్దరు ఆడవాళ్లు గానీ ఇష్టపడి లైంగికంగా కలవడం నేరం కాకుండా పోయింది. కానీ వివక్ష కూడదనే రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలు ప్రధానంగా ప్రభుత్వాన్నే కట్టడి చేస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో ఒక హోంగార్డును, స్వలింగ భాగస్వామితో ఉన్న వీడియో బయటికొచ్చిందని 2019లో తొలగించారు. 2021లో అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, తిరిగి విధుల్లోకి తీసుకోమంది. ప్రైవేటు ఉద్యోగికి అంత సూటి దారి లేదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం వచ్చిన 2019 చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. నియామకాల్లో, ప్రమోషన్లలో వివక్ష కూడదంటుంది, ఫిర్యాదుల అధికారిని పెట్టమంటుంది. గే కావడం, ట్రాన్స్‌జెండర్ కావడం వేరువేరు గనుక మీ అబ్బాయి దాని కిందికి రాడు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం కింద ఫిర్యాదు హక్కు మహిళలదే.

అందుకే కంపెనీ రాసుకున్న పాలసీయే అతనికి ఆసరా. చేరేముందే ఈక్వల్ ఆపర్చునిటీ పాలసీ (ఉద్యోగుల మధ్య వివక్ష చూపమని కంపెనీ రాసుకున్న నియమాలు) అడిగి తీసుకోమనండి. ‘అందరూ సమానమే’ అన్న వాక్యం చాలదు. కులం, మతం, లింగం అని వరసగా రాసిన చోట సెక్సువల్ ఓరియంటేషన్ (ఎవరి పట్ల ఆకర్షణ అన్నది) అన్న మాట ఉందా? ఫిర్యాదు ఎవరికివ్వాలో రాశారా? ఈ రెండూ ఉంటే అది పనికొచ్చే కాగితం.

ఇంటర్వ్యూలో తన సంగతి చెప్పి తీరాలన్న రూలేమీ లేదు. ఎప్పుడు, ఎవరికి చెప్పాలో అతని ఇష్టం. దయచేసి మీరు తొందరపెట్టకండి, దాచమని ఒట్లూ వేయించుకోకండి.

రేపు ఎవరైనా వెకిలిగా మాట్లాడితే తేదీ, అన్న మాట, విన్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసుకుని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాలి. ‘పనితీరు బాగోలేదు’ అని హఠాత్తుగా సాగనంపబోతే, అంతకుముందు వచ్చిన మంచి అప్రైజల్ (పనితీరుపై కంపెనీ ఇచ్చే మదింపు) లాయరు చేతిలో గట్టి ఆధారమవుతుంది. గదిలో కూర్చోబెట్టి రాజీనామా రాయమంటే మాత్రం అక్కడికక్కడ సంతకం చేయొద్దనండి. సంతకం పడ్డాక, వాళ్లే పంపేశారని నిరూపించడం చాలా కష్టం.