ఎలుకలకు ఆటిజం ఉంటుందా? వాటి మెదడులో కనిపించింది పిల్లలకు వర్తిస్తుందా?

చిన్న చప్పుడుకే చెవులు మూసుకుంటాడు, చొక్కా లేబుల్ తగిలినా ఏడుస్తాడు అని మీ బాబు గురించి రాశారు. ఎలుకల మీద వస్తున్న వార్తలకూ దీనికీ సంబంధం ఉందా, మందు దొరుకుతుందా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఎఫ్‌ఎమ్‌ఆర్1 జన్యువు లేని చిట్టెలుకలతో కొన్నాళ్లు ల్యాబులో పనిచేశాను, ఆ అనుభవంతో చెప్తున్నా.

ఆటిజం ఉన్న ఎలుక అంటూ ఏదీ లేదండీ. మనుషుల్లో ఆటిజంతో ముడిపడ్డ ఒక జన్యువును ఎలుకలో తీసేసి ఏమవుతుందో చూస్తారు, అంతే. ఎఫ్‌ఎమ్‌ఆర్1 పనిచేయకపోతే మనుషుల్లో ఫ్రాజైల్ ఎక్స్ అనే పుట్టుకతో వచ్చే జన్యు సమస్య వస్తుంది, ఆ జన్యువు లేని ఎలుక 1994లో వచ్చింది. ఎలుక 'కలివిడితనం' కొలిచే పరీక్షల మీద నాకు పెద్ద గురి లేదు. తోటి ఎలుక ఉన్న గదిలో ఎంతసేపు గడిపిందో లెక్కేసి దానికి అంత పెద్ద పేరు పెట్టడం అతిగా అనిపిస్తుంది. ఉలికిపాటు మాత్రం అలా కాదు, నేరుగా కొలవొచ్చు.

ఎలుకను చిన్న గొట్టంలో ఉంచుతాం. అది ఎంత బలంగా అదిరిపడిందో కింది పలక నమోదు చేస్తుంది. పెద్ద చప్పుడుకు కాస్త ముందు చిన్న చప్పుడు వినిపిస్తే మామూలుగా అదురు తగ్గుతుంది. స్పర్శను పరీక్షించాలంటే ఆ చిన్న చప్పుడుకు బదులు వీపు మీద గాలి ఊదుతారు. మా ఎలుకల్లో మూడు వారాల వయసు పిల్లలకైతే గట్టి అలారం చాలు, బోనంతా వెర్రిగా పరిగెత్తి ఫిట్స్‌తో పడిపోయేవి. కొన్ని చచ్చిపోయేవి కూడా. అది చూశాక ఇంద్రియాల సమస్యను ఎవరైనా 'మొండితనం' అంటే నాకు ఒళ్లు మండుతుంది. (మనకు వినపడని అల్ట్రాసౌండ్ వాటికి వినిపిస్తుంది, అందుకే మనకు నిశ్శబ్దంగా ఉన్న గది వాటికి గోలగా ఉండొచ్చు.)

ఈ ఎలుకల మెదడులో న్యూరాన్ల (నాడీ కణాల) మీద మొలిచే, పక్క కణాల సంకేతాలు అందుకునే చిన్న మొలకలు, అంటే స్పైన్లు, సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఫ్రాజైల్ ఎక్స్‌తో చనిపోయిన మనుషుల మెదడులోనూ అలాగే కనిపించాయి. సంకేతాలకు బ్రేకు వేసే నిరోధక న్యూరాన్లు కూడా సరిగా పనిచేయవు. అదే శబ్దం పదే పదే వినిపించినా మెదడు దానికి అలవాటు పడదు. మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో ఈ తేడా ఎలుకల్లోనూ, ఫ్రాజైల్ ఎక్స్ ఉన్నవాళ్లలోనూ కనిపించింది. నా దృష్టిలో ఎలుకకూ మనిషికీ మధ్య అన్నిటికన్నా గట్టి వంతెన ఇదే.

స్పర్శ విషయంలో ఇంకా ఆశ్చర్యం. లారెన్ ఒరెఫిస్, డేవిడ్ గింటీ అనే శాస్త్రవేత్తల బృందం 2016లో చర్మం నుంచి వెన్నుపాముకు వెళ్లే స్పర్శ నాడుల్లో మాత్రమే ఆటిజంతో ముడిపడ్డ ఎంఈసీపీ2 లాంటి జన్యువులను తీసేసింది. మెదడును ముట్టుకోలేదు. అయినా ఎలుకలు తాకితే ఓర్చుకోలేకపోవడమే కాదు, పెద్దయ్యాక బెదురుగా, తోటివాటికి దూరంగా ఉన్నాయి. అదే పని అప్పటికే ఎదిగిన ఎలుకల్లో చేస్తే స్పర్శ ఇబ్బంది మాత్రమే వచ్చింది, బెదురు రాలేదు. మెదడులోకి అంతగా చొరబడని ఒక మందును చిన్నప్పటి నుంచీ ఇచ్చి కొన్ని లక్షణాలు తగ్గించామని 2019లో వాళ్లే చూపించారు. అదీ ఎలుకల్లోనే.

మందు ప్రశ్నకు జవాబు అంత తీపిగా లేదు. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసిన మావోగ్లురాంట్ అనే మందు, ఫ్రాజైల్ ఎక్స్ ఉన్నవాళ్ల ట్రయల్స్‌లో విఫలమైంది. బహుశా మరీ ఆలస్యమైన వయసులో ఇచ్చారేమోనన్న వాదన ఉంది, నాకూ అందులో కొంత నిజం ఉందనిపిస్తుంది. ఎలుకలకు మేలు చేసిందని ఎవరైనా సప్లిమెంట్ అమ్మితే కొనకండి.

బాబుకు జన్యు పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. ఫ్రాజైల్ ఎక్స్ రక్తపరీక్షతోనే తెలుస్తుంది, పిల్లల డాక్టర్ని అడగండి. వినికిడి పరీక్ష కూడా ఇంకా చేయించకపోతే అదీ అడగండి.