మా అబ్బాయికి ఏ కోర్సు చేయించమంటారు?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. మొన్న రివ్యూలో మేనేజర్ ‘క్రిటికల్ థింకింగ్ మెరుగుపడాలి’ అని రాశారట. సీనియర్ పంపిన అమ్మకాల షీట్‌లో ఒక బ్రాంచి లెక్క రెండుసార్లు పడితే, వీడు చూసుకోకుండా రిపోర్టు ఇచ్చేశాడు. ఒక్క నెలలో అమ్మకాలు సగానికి సగం పెరిగినట్టు కనిపించాయి. మేనేజర్ అడిగితే షీట్‌లో అలాగే ఉందన్నాడట. నెమ్మదైన పిల్లవాడు, ఏదైనా మమ్మల్ని అడిగే చేస్తాడు. ఆన్‌లైన్‌లో క్రిటికల్ థింకింగ్ సర్టిఫికెట్ కోర్సు చేయించాలా, ఉద్యోగం మాన్పించి ఎంబీఏలో చేర్పించాలా? ఏది మేలో పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. రివ్యూలో ఒక మాట రాసినంత మాత్రాన ఉద్యోగం పోదు. మీ ప్రశ్న కోర్సు గురించే అయినా, దాని వెనకున్న భయం ‘మావాడు నిలబడతాడా’ అన్నదే కదా? ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఎనిమిది నెలల అనుభవంలో షీట్‌ని నమ్మి దెబ్బతిన్నవాళ్లు చాలామందే. ఆ తర్వాత వాళ్లే అందరికన్నా జాగ్రత్తగా లెక్క చూడటమూ నేను ఎరుగుదును.

ఇప్పుడు ఆ షీట్ సంగతి. ఒక్క నెలలో అమ్మకాలు సగానికి సగం పెరిగినట్టు కనిపించాయని రాశారు. ‘ఇంత ఎలా పెరిగింది’ అని మేనేజర్ అడిగితే, మీవాడు ‘షీట్‌లో అలాగే ఉంది సర్, రెండుసార్లు కూడి చూశాను’ అన్నాడట. నిజంగానే చూసుంటాడు. తప్పు కూడికలో లేదు కాబట్టి ఇరవైసార్లు కూడినా అదే మొత్తం వస్తుంది.

1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. 2, 4, 6 అనే మూడు అంకెలు ఇచ్చి, వీటి వెనక ఒక నియమం ఉంది, మీరూ మూడేసి అంకెలు చెప్పి చూసి అదేమిటో కనుక్కోండి అన్నాడు. ‘రెండేసి పెరగాలి’ అనుకున్నవాళ్లు 8, 10, 12 అంటారు. సరిపోయింది అని జవాబు. 20, 22, 24 అన్నా సరిపోయిందే. ఇంకేం, నియమం దొరికిందనుకుంటారు. అసలు నియమం, అంకెలు చిన్న నుంచి పెద్దకు ఉంటే చాలు, అంతే! 1, 2, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే వాళ్ల ఊహ తప్పని అక్కడే తేలిపోయేది. తన ఊహను తానే పడగొట్టి చూడాలని చాలామందికి తోచదు. మీవాడికీ తోచలేదు. ‘ఈ అంకె తప్పయితే ఆ తప్పు ఎక్కడ బయటపడుతుంది?’ అనుకుని ఉంటే స్టాక్ వివరాలు చూసేవాడు. అంత సరుకు అమ్ముడైతే గోదాములో ఆ మేరకు తగ్గాలి కదా. మేనేజర్ రాసిన క్రిటికల్ థింకింగ్ అంటే ఇదే. ఇందులో మేధావితనం ఏమీ లేదు.

(క్రిటికల్ అనగానే విమర్శ అనుకుని, మీటింగ్‌లో ప్రతిదానికీ అడ్డం పడేవాళ్లూ ఉంటారు. మీవాడు ఆ దారి పట్టకుండా చూసుకోమనండి.)

ఇక కోర్సు. ఈ సర్టిఫికెట్ల మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వాటిలో తర్కదోషాల పేర్లు, అంటే వాదనలో దొర్లే పొరపాట్ల పేర్లు నేర్పుతారు, చివర క్విజ్ పెడతారు. క్విజ్‌లో ఎక్కడో తప్పుందని ముందే తెలుసు కాబట్టి వెతుకుతాం. ఆఫీసులో ‘ఇక్కడ తప్పుంది’ అని ఎవరూ బోర్డు పెట్టరు. ఇలాంటి ఆలోచన సైకిల్ తొక్కడం లాంటిది కాదనీ, ఒకచోట నేర్చుకుంటే అన్నిచోట్లా దానంతటదే పనికిరాదనీ, ఆ విషయం మీద పట్టు ఉండాలనీ డేనియల్ విల్లింగ్‌హామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లోనే వాదించాడు. నా అనుభవమూ అదే. అమ్మకాల లెక్క తెలియనివాడికి అనుమానం ఎక్కడ రావాలో కూడా తెలియదు. మీవాడి చేతిలో సర్టిఫికెట్ పెట్టేకన్నా, ఆ సరుకు ఎలా వస్తుందో, ఎలా పోతుందో ఒక వారం దగ్గరుండి చూడమనండి.

ఎంబీఏ మంచి చదువే, కాదనను. ఒకే కేసును, అంటే ఒక కంపెనీకి ఎదురైన సమస్యను, తరగతిలో ఒక్కొక్కరు ఒక్కోలా చదవడం వింటే కళ్లు తెరుచుకుంటాయి. అయితే కేసులో కావలసిన సమాచారాన్ని ముందే ఏర్చి కూర్చి ఇస్తారు. ఉద్యోగంలో ఏ కాగితం మన ముందుకు రాలేదో కనిపెట్టడమే సగం పని. ఒక రివ్యూకి బెదిరి పరుగెత్తడానికి మాత్రం ఎంబీఏ వద్దు. పోలిక ఇంతకన్నా సాగదీయను, ఎందుకంటే మీవాడి సమస్య ఈ రెండింటిలోనూ లేదు.

కాస్త కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం మళ్లీ చదవండి. చేయించాలా, మాన్పించి, చేర్పించాలా... అన్నీ మీరు చేయించేవే. ఈ చదువు గురించి వాడేమంటున్నాడో ఒక్క ముక్క లేదు. ‘మమ్మల్ని అడిగే చేస్తాడు’ అని మురిపెంగా రాశారు. ఇంట్లో నాన్న మాట ఎదురు ప్రశ్న లేకుండా విన్నవాడు, ఆఫీసులో సీనియర్ షీట్‌ని అనుమానించాలంటే ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ ప్రేమను తప్పుపట్టడం లేదు. కానీ సొంతంగా నిర్ణయం తీసుకుని, అది బెడిసికొడితే సరిదిద్దుకునే అవకాశం వాడికి ఇంతవరకు మీరివ్వలేదు.

వాణ్ణి ఒక నోట్‌బుక్ పెట్టుకోమనండి. ఏదైనా పెద్ద నిర్ణయానికి ముందు మూడు ముక్కలు: ఏం చేయబోతున్నాను, ఎందుకు, ఏం కనబడితే మనసు మార్చుకుంటాను. నెల తర్వాత తెరిచి చూసుకోవాలి. ఈ మూడోది రాయడానికి పెన్ను కదలదు, అక్కడే కూర్చోవాలి. ఆ నోట్‌బుక్ మీరు చదవకూడదు.

ఈసారి వాడు ఫోన్ చేసి ‘ఏం చేయమంటావు నాన్నా’ అంటే, ‘నువ్వేమనుకుంటున్నావు?’ అని అడిగి ఊరుకోండి. అవతల కాసేపు ఏమీ వినిపించదు. లైన్ కట్ అయిందేమోనని హలో హలో అనకండి.