సేవ కోసం సైకిల్ యాత్ర అంటారు కదా, తొక్కితే డబ్బు ఎలా వస్తుంది?

తొక్కేవాళ్ల మీద నమ్మకంతో తెలిసినవాళ్లే ఇస్తారు. నల్గొండ నుంచి నాగార్జునసాగర్ దాకా ఓ బృందం బయల్దేరుతుందనుకోండి. ఒక్కొక్కరూ తమ బంధువులను, తోటి ఉద్యోగులను విరాళం అడుగుతారు. ప్రవేశ రుసుము చాలావరకు భోజనాలకు, వెంట వచ్చే బండికి, టీషర్టులకే అయిపోతుంది. అందుకే ఖర్చులు పోను మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్ బాధితులకు చేరేదెంతో ముందే అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, అది ఆ బాధితుల డబ్బు.

విరాళం నేరుగా సంస్థ ఖాతాలోనే పడాలి, నిర్వాహకుల సొంత ఖాతాలో పడకూడదు. సంస్థకు 80జి (విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) గుర్తింపు ఉన్నా, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు.

ఇలాంటి యాత్రనే సైకిళ్ల మీద కాక నల్లమలలో ట్రెక్కింగ్‌గా పెడితే, అక్కడ తెలంగాణ వైపు ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి చూపించమనండి. ఎండాకాలంలో పెడితే మాత్రం, ఎంత మంచి పనికైనా సరే, నేను వెళ్లొద్దనే చెబుతాను.